కఫం తెగడం లేదు

ఒంగోలులో ఒక ఆదివారం ఉదయం ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థినులు, ఊపిరితిత్తుల జబ్బులతో బాధపడుతున్నవారి కుటుంబ సభ్యుల ఎదుట ఒక ఛాతీ వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం.

అందరికీ నమస్కారం.

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దినవారు ఒకసారి చేతులెత్తండి. వెనక బెంచీల మీది నర్సింగ్ పిల్లలు తప్ప దాదాపు అందరూ ఎత్తారు. నేనూ ఆ పలక మీదే దిద్దాను. ఆ పలకను కోసి నునుపు చేసిన మనిషిని మాత్రం మొదటిసారి చూసింది హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, ఓపీలో. అరవై దాటిన పెద్దాయన. పని మానేసి చాలా ఏళ్ళయినా గోళ్ళ సందుల్లో బూడిదరంగు ఇంకా వదల్లేదు. స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, ముందుకు వంగి, పెదవులు సున్నాలా చుట్టి ఊపిరి వదులుతున్నారు. ఏమిటి ఇబ్బంది పెద్దాయనా అని అడిగాను. "దగ్గుతూనే ఉన్నాను, కఫం తెగడం లేదు డాక్టరమ్మా" అన్నారు.

నేను చీటీ మీద 'దగ్గు, ఆయాసం' అని రాశాను. కఫం తెగకపోవడం గురించి ఒక్క ముక్క రాయలేదు. అది రాసుకోవలసిన సంగతి అని నాకు తట్టలేదు. దగ్గు మందు, ఆయాసానికి మాత్రలు ఇచ్చి పంపాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ చీటీ నా కళ్ళ ముందు కదులుతూనే ఉంటుంది. ఎందుకంటే ఆయన జబ్బులో సగం ఆయనే చెప్పారు. రాసుకోనిది నేను. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ ఒక్క మాట గురించే.

జ్వరం దిగుతుంది, వాపు తీస్తుంది, కఫం తెగుతుంది. మన పెద్దలు ఏ మాటా ఊరికే పుట్టించలేదు. తెగాలంటే అది తీగలా సాగేదై ఉండాలి, దేన్నో అంటిపెట్టుకుని ఉండాలి. లోపల జరుగుతున్నది సరిగ్గా అదేనని గత ఇరవై ఏళ్ళ పరిశోధన ఒక్కొక్కటిగా తేల్చింది. అయినా ఆ మాటను మనం ఆసుపత్రి గుమ్మం దగ్గరే వదిలేస్తున్నాం. దీనికి మన దగ్గర కఫం, కళ్లె, తెమడ, శ్లేష్మం అని ఎన్నో పేర్లున్నాయి. ఏ పేరు పెట్టినా నలుగురిలో పలకడానికి సిగ్గు. ఆడవాళ్ళయితే కొంగు అడ్డం పెట్టుకుని మింగేస్తారు. కఫం పడుతుందా అమ్మా అని అడిగితే "అబ్బే, లేదండి" అంటారు. పక్కన నిలబడ్డ కూతురు "రోజూ పొద్దున్నే పావుగంట దగ్గుతుంది మేడమ్" అంటుంది.

ముందు కఫం మీద ఉన్న నిందను కాస్త తొలగించాలి. మన గాలిదారి గొంతు దగ్గర మొదలై లోపలికి పోతూ ఒకటి రెండుగా, రెండు నాలుగుగా సుమారు 23 సార్లు చీలుతుంది. రోజుకు 10 వేల లీటర్లకు పైగా గాలి ఈ దారుల్లో వచ్చిపోతుంది. ఆ గాలితోపాటు వచ్చే దుమ్మునూ పొగనూ సూక్ష్మజీవులనూ పట్టుకునేది పల్చటి శ్లేష్మపు పొర. ఆ పొర కింద, గాలిదారి గోడ మీద, కంటికి కనిపించని సన్నటి నూగు ఉంటుంది. వాటిని సీలియా అంటారు. ఒక్కో కణం మీద 200 దాకా ఉంటాయి, సెకనుకు 10 నుంచి 20 సార్లు కొట్టుకుంటాయి. పొట్ట మీదున్న వరిచేను మీదుగా గాలి వీస్తే అల ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు ఎలా సాగిపోతుందో చూసే ఉంటారు. ఈ నూగు మీద అల కూడా అలాగే గొంతు వైపు సాగుతూ, పైనున్న పొరను చెత్తతో సహా మోసుకొస్తుంది. గొంతు దాకా వచ్చినదాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం.

దీన్ని నోటితో రుచి చూడవచ్చు. ముక్కులో కొంచెం లోపలగా రవ్వంత శాకరిన్ పెట్టి రోగిని కదలకుండా కూర్చోబెడతారు. ఆరోగ్యంగా ఉన్నవారికి సాధారణంగా 20 నిమిషాలలోపే గొంతులో తీపి తెలుస్తుంది. ఆ తీపిని అంత దూరం మోసుకొచ్చింది శ్లేష్మమే. అరగంట దాటినా తీపి తెలియకపోతే ఆ మోత దెబ్బతిన్నదేమోనని అనుమానించాలి.

ఇప్పుడు శ్లేష్మం లోపలికి వెళదాం. మంచి శ్లేష్మంలో నూటికి 97, 98 పాళ్ళు నీరే. మిగిలిన ఆ రెండు మూడు పాళ్ళలో ఉన్న మ్యూసిన్లు అనే పొడవాటి గొలుసులే దానికి జిగురునిస్తాయి. ఊపిరితిత్తుల్లో వీటిలో ముఖ్యమైనవి రెండు, ఎంయూసీ5బి, ఎంయూసీ5ఏసి. మొదటిది రోజువారీ శుభ్రతకు కావలసినది. రెండోది పొగ తగిలినా ఉబ్బసం వచ్చినా బాగా పెరిగేది. ఎలుకల్లో ఎంయూసీ5బి తయారు కాకుండా చేసి చూసిన పరిశోధన 2014లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ ఎలుకల గాలిదారుల్లో సూక్ష్మజీవులు తిష్ఠ వేశాయి, ఆయుష్షు తగ్గింది. కాబట్టి కఫాన్ని పూర్తిగా ఎండగట్టే మందు ఇవ్వండి అని అడిగేవారికి నేను ఈ ఎలుకల కథే చెబుతాను.

ఈ మ్యూసిన్లు కణాల లోపల బిగించి కుక్కి ఉంటాయి. బయటపడిన మరుక్షణం నీరు పీల్చుకుని వందల రెట్లు ఉబ్బుతాయి. అర్థం కావాలంటే ఇంట్లో సబ్జా గింజలు తీసుకోండి. గ్లాసు నిండా నీళ్ళలో చెంచాడు గింజలు వేస్తే ఒక్కో గింజా విడివిడిగా ఉబ్బి, గొంతులో జారిపోతుంది. అదే చెంచాడు గింజల మీద నాలుగు చుక్కల నీళ్ళే చల్లండి. ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి. గ్లాసు బోర్లించినా పడవు, వేలితో గీకితే తప్ప రావు. గింజలు అవే, తగ్గింది నీరు. పొగ, దుమ్ము వల్ల గాలిదారులు బిగుసుకుపోయే సీఓపీడీలో, పుట్టుకతో వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో, గాలిదారులు సాగిపోయే బ్రాంకియెక్టాసిస్‌లో జరిగే అనర్థానికి మూలం చాలావరకు ఇదే.

మరి దీన్ని వైద్యులు ఇంతకాలం ఎందుకు పట్టించుకోలేదు? ఆ కథ తప్పకుండా చెప్పాలి.

1952 డిసెంబరులో లండన్‌ను బొగ్గుపొగ మంచు కమ్మేసి వేలమంది ప్రాణాలు తీసింది. ఆ రోజుల్లో బ్రిటన్ వైద్యులు దీర్ఘకాలపు దగ్గు, కఫమే ఊపిరితిత్తులను పాడు చేస్తుందని నమ్మేవారు. చార్లెస్ ఫ్లెచర్, రిచర్డ్ పీటో, వారి సహచరులు లండన్‌లో పనిచేసే సుమారు 800 మంది పురుషులను ఎనిమిదేళ్ళపాటు గమనించారు. వారి ఫలితాలు 1976, 1977లలో వచ్చాయి. పొగ తాగేవారిలో ఊపిరి బలం వేగంగా పడిపోతుందని, మానేస్తే ఆ పతనం నెమ్మదిస్తుందని రుజువు చేసిన గొప్ప పని అది. నేటికీ బీడీ మానమని రోగికి నేను చెప్పే ధైర్యం అక్కడి నుంచి వచ్చిందే. అయితే అదే అధ్యయనం ఇంకో మాట కూడా అంది. కఫం ఎక్కువ పడటానికీ, గాలిదారులు బిగుసుకుపోవడానికీ సంబంధం లేదు, రెండూ వేర్వేరు అని. దాంతో కఫం మూలన పడింది. తర్వాత రెండు తరాల వైద్యులు దాన్ని అడగవలసిన ప్రశ్నగా చూడలేదు. వారిలో నేనూ ఉన్నాను.

వారు లెక్కపెట్టింది బయటికి వచ్చిన కఫాన్ని. లోపల నిలిచిపోయినదాన్ని చూసే సాధనం వారికి లేదు. తెగి పడినది లెక్కలోకి వచ్చింది, తెగనిది రాలేదు. నా పెద్దాయన చెప్పింది ఆ తెగనిదాని గురించి.

1996లో కోపెన్‌హేగన్‌లో వేలమందిని గమనించిన వెస్ట్‌బో బృందం, ఏళ్ళ తరబడి కఫం పడేవారిలో ఊపిరి బలం మరింత వేగంగా తగ్గుతుందనీ, వారు ఆసుపత్రి పాలవడం ఎక్కువనీ చూపించింది. ఆ తర్వాత 2004లో వాంకూవర్‌కు చెందిన జేమ్స్ హాగ్ బృందం శస్త్రచికిత్సలో తీసిన 159 మంది ఊపిరితిత్తుల ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. రెండు మిల్లీమీటర్ల కంటే సన్నటి గాలిదారులు. జబ్బు ముదిరినకొద్దీ వాటి గోడలు దళసరి అయ్యాయి, లోపల శ్లేష్మం పూడుకుపోయింది. అంత సన్నటి దారుల్లోది దగ్గితే రాదు. దగ్గు గాలి జోరు పెద్ద దారుల్లోనే పనిచేస్తుంది.

2012లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వారు, బటన్, రూబిన్‌స్టీన్, బౌచర్, వారి సహచరులు, సైన్స్ పత్రికలో ఒక చక్కటి సంగతి బయటపెట్టారు. అంతవరకు నూగు చుట్టూ ఉన్నది నీళ్ళలాంటి ద్రవమే అనుకునేవారు. అది నీళ్ళు కాదు, బ్రష్షు కుచ్చులా దట్టంగా నిలిచిన అణువుల పొర అని వీరు చూపించారు. పైన శ్లేష్మం, కింద కుచ్చు. రెండూ నీటి కోసం లాగులాడుకుంటాయి. శ్లేష్మం పల్చగా ఉన్నంతకాలం కుచ్చుదే పైచేయి. శ్లేష్మం చిక్కబడితే కుచ్చులోని నీటిని లాగేసుకుని దాని మీద కూర్చుంటుంది. కింద నూగు అణిగిపోయి కొట్టుకోలేదు. పైనున్నది గోడకు అంటుకుపోతుంది. ఇక దగ్గినా తెగదు. ఈ వ్యాసం చదివిన రోజున నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అదే విశ్వవిద్యాలయం నుంచి మెహ్మెత్ కెసిమెర్ బృందం 2017లో పొగ తాగే, ఒకప్పుడు తాగి మానేసిన వారి కఫంలో మ్యూసిన్లను కొలిచింది. తీవ్రమైన సీఓపీడీ ఉన్నవారిలో అవి ఎన్నడూ పొగ తాగనివారి కంటే రెండింతలు చిక్కగా ఉన్నాయి. పొగ ఇక్కడ రెండు వైపుల నుంచి దెబ్బ కొడుతుంది. ఒకవైపు మ్యూసిన్లను పెంచుతుంది. మరోవైపు గాలిదారి గోడలో ఉప్పునూ నీటినీ బయటికి వదిలే ద్వారాన్ని, సీఎఫ్‌టీఆర్ అంటారు దాన్ని, మందగింపజేస్తుంది. ఆ ద్వారపు జన్యువు పుట్టుకతోనే చెడితే వచ్చేది సిస్టిక్ ఫైబ్రోసిస్. ఆ జన్యువును 1989లో కనుగొన్నారు. పుట్టుకతో లేని చెరుపును బీడీ కొంతమేరకు తెచ్చిపెడుతుంది.

తర్వాత సీటీ స్కాన్ల వంతు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ ఫాహీతో పనిచేసే బృందం 2018లో తీవ్రమైన ఉబ్బసం ఉన్నవారి స్కాన్లలో గాలిదారులను మూసేసిన శ్లేష్మపు బిరడాలను లెక్కపెట్టింది. కొందరిలో అవే బిరడాలు ఏళ్ళ తర్వాత కూడా అదే చోట ఉన్నాయి. 2023లో బోస్టన్ పరిశోధకులు 4,363 మంది సీఓపీడీ రోగుల స్కాన్లు చూశారు. బిరడాలు లేనివారిలో ఆ అధ్యయన కాలంలో మరణించినవారు నూటికి 34. ఊపిరితిత్తుల్లో మూడు లేక అంతకు మించిన భాగాల్లో బిరడాలున్నవారిలో 54. బిరడాల వల్లనే చనిపోయారని ఈ లెక్క చెప్పదు. వాటిని తీసేస్తే ఆయుష్షు పెరుగుతుందని కూడా ఇంకా ఎవరూ రుజువు చేయలేదు. కానీ ఇకపై కఫం చిన్న విషయం అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. ఇంకొక్కటి గుర్తుంచుకోండి. బిరడాలున్న వారందరికీ కఫం పడదు. కఫం పడటం లేదన్న మాట లోపల కఫం లేదన్న మాట కాదు.

ఇక మన సంగతి. మన ప్రాంతంలో ఊపిరితిత్తి మీద పడని బరువు ఏముంది? మార్కాపురం పలకలు, చీమకుర్తి గ్రానైట్, గూడూరు వైపు అభ్రకం గనులు. రాయి కోసేచోట ఎగిరే సిలికా దుమ్ము ఊపిరితిత్తిలో మచ్చలు కడుతుంది, క్షయకు దారి తీస్తుంది. ఆ మచ్చలకు మందు లేదు, దుమ్ము రేగకుండా నీళ్ళతో తడుపుతూ కోయడమే దారి. పొగాకు బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట చూసేవారు, ఆకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళు, బియ్యం మిల్లుల్లో ఊక దుమ్ములో నిలబడేవారు, ముప్పై నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదిన మన అమ్మలు. సీఓపీడీ అంటే సిగరెట్టు తాగిన మగవాడి జబ్బు అని పుస్తకాల బొమ్మలు చూసి అనుకుంటాం. నా గదికి వచ్చే ఆడవారిలో చాలామంది జీవితంలో చుట్ట ముట్టినవారు కారు. 2016 నాటికి మన దేశంలో సీఓపీడీ ఉన్నవారు సుమారు ఐదున్నర కోట్లని అంచనా.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది క్షయ మిగిల్చిన గాయం. బ్రాంకియెక్టాసిస్ అంటే గాలిదారులు శాశ్వతంగా వెడల్పై, సాగిపోయి, కఫం నిలిచే మడుగులుగా మారడం. మన దేశంలో 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు సేకరించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో మూడో వంతుకు పైగా రోగులకు మూలకారణం ఒకప్పటి క్షయే. యూరప్‌లో చిత్రం ఇలా ఉండదు. అంటే అక్కడి పుస్తకం చదివి ఇక్కడ వైద్యం చేస్తే చాలదు.

కందుకూరు వైపు నుంచి ఒకామె వచ్చేవారు. పొగాకు గ్రేడింగ్ చేసేవారు. ఇరవై ఏళ్ళ వయసులో క్షయ వచ్చి, మందులు పూర్తిగా వాడి నయం చేసుకున్నారు. పదిహేనేళ్ళకు మళ్ళీ కఫం, అప్పుడప్పుడు నెత్తురు చార. ఒకచోట తెమడ పరీక్ష చేయకుండానే మళ్ళీ క్షయ మందులు మొదలుపెట్టారు. ఇంకోచోట ఇంకోసారి. ఇంట్లో కంచం, గ్లాసు వేరు చేశారు. నా దగ్గరకు వచ్చినప్పుడు నేను అడిగింది ఒక్కటే. రేపు పొద్దున లేవగానే పడిన కఫమంతా మూత ఉన్న గాజు సీసాలో పట్టి తీసుకురండి అన్నాను. తెచ్చారు, చీర చెంగులో చుట్టుకుని, తల దించుకుని. ఆ సీసాను కిటికీ అంచు మీద కదపకుండా గంటసేపు ఉంచాను. పైన నురగ తేలింది. మధ్యలో నీరులాంటి పలచటి జిగురు నిలిచింది. అడుగున పచ్చటి చీము చిక్కగా పేరుకుంది. మూడు పొరలు, గీత గీసినట్టు. బ్రాంకియెక్టాసిస్ కఫానికి పాత పుస్తకాలు చెప్పిన గుర్తు అది. తెమడ పరీక్షలో క్షయ క్రిములు లేవు. స్కాన్ తర్వాత తీశాం, బ్రాంకియెక్టాసిస్ అనే తేలింది. ఆమెను పిలిచి సీసా చూపించి, ఇది అంటుకునే జబ్బు కాదమ్మా, పాత గాయం అని చెప్పాను. ఆమె మొదట అడిగిన మాట, "అయితే మనవడిని ఎత్తుకోవచ్చా?"

ఆశా కార్యకర్తలకు ఇక్కడ ఒక మనవి. రెండు వారాలకు మించి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించండి, అందులో మార్పు లేదు. పరీక్షలో క్షయ లేదని తేలితే మాత్రం 'ఏమీ లేదు' అనకండి. ఏదో ఉంది, అది క్షయ కాదు, అంతే.

మందుల గురించి అందరూ అడుగుతారు. బిందెడు నీళ్ళు తాగితే కఫం పల్చబడుతుందా అని. ఎండలో పనిచేసి ఒళ్ళు ఎండిపోయినవారు తాగాలి. కానీ తాగిన నీరు నేరుగా గాలిదారి మీదకు చేరదు. అక్కడికి నీటిని తెచ్చేది ఉప్పు. మాగాయకు ముక్కలు ఉప్పులో వేసి మర్నాడు చూస్తే ఊట ఊరి ఉంటుంది కదా. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగింది. ఆస్ట్రేలియాలో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న కొందరు సముద్రపు అలల మీద ఆడి వచ్చిన రోజు ఊపిరి తేలికగా ఉందని చెప్పారు. ఆ మాటను అక్కడి వైద్యులు రాసుకున్నారు. 7 శాతం ఉప్పునీటి ఆవిరిపై చేసిన పరీక్షల ఫలితాలు 2006లో వచ్చాయి, ఆ జబ్బులో మేలు కనిపించింది. రోగి మాటను చీటీ మీద రాసుకుంటే ఎంత దూరం వెళ్ళవచ్చో చూడండి. అయితే ఇంట్లో ఉప్పు కలిపి నెబ్యులైజర్‌లో పోయకండి. కొందరికి గాలిదారి ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. మొదటి మోతాదు వైద్యుల ఎదుటే తీసుకోవాలి. పైగా 2025లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో బ్రాంకియెక్టాసిస్ ఉన్నవారిలో ఉప్పునీటి ఆవిరి గానీ, కఫాన్ని పల్చబరిచే కార్బోసిస్టీన్ అనే మందు గానీ జబ్బు తిరగబెట్టడాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించలేదు.

ఒక జబ్బులో పనిచేసినది ఇంకో జబ్బులో హాని కూడా చేస్తుంది. డోర్నేస్ ఆల్ఫా అనే మందు చచ్చిన తెల్లకణాల డీఎన్ఏ తాళ్ళను తెంచుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో మేలు చేస్తుంది. అదే మందును ఇతర బ్రాంకియెక్టాసిస్ రోగులకు ఇచ్చి చూస్తే, 1998లో వచ్చిన ఫలితాల్లో, వారి పరిస్థితి ఇంకా చెడింది. అందుకే పక్కింటివారి కఫం మందు మీరు కొనుక్కోవద్దు. ఎసిటైల్‌సిస్టీన్ అనే ఇంకో మందు మ్యూసిన్ గొలుసుల మధ్య గంధకపు ముడులను కోస్తుంది. ఉబ్బసంలో ఆ ముడులు గట్టిపడతాయని కూడా ఇప్పుడు తెలుసు. దాని మాత్రల మీద పరీక్షల ఫలితాలు మాత్రం ఒకచోట అనుకూలంగా, ఇంకోచోట ప్రతికూలంగా వచ్చాయి. నేను కొందరికి రాస్తాను, అందరికీ రాయను.

అందరికీ చెప్పేది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. గొంతు చించుకుని దగ్గితే సన్నటి దారులు మూసుకుపోతాయి, కఫం అక్కడే చిక్కుకుంటుంది. దగ్గు కాదు, ఊదాలి. కళ్ళజోడు తుడుచుకునేముందు నోరు తెరిచి అద్దం మీద 'హా' అని ఆవిరి వదులుతామే, అదే. దీన్ని హఫ్ అంటారు. కందుకూరు ఆమెకు కళ్ళజోడు లేదు. వాళ్ళ అమ్మాయి ఇంట్లోని చిన్న అద్దం చేతికిచ్చి, అది మసకబారేలా ఊదమ్మా అని నేర్పింది. పదిహేను రోజులకు వచ్చి, "దగ్గకుండానే తెగుతోందండి" అన్నారు. ఈసారి ఆ మాటను ఆమె అన్నది అన్నట్టే చీటీలో రాశాను.

ఇప్పుడు అందరం కలిసి చేద్దాం. కఫంలో నెత్తురు పడుతున్నవారు, ఈమధ్య గుండెపోటు వచ్చినవారు చేయకండి, చూడండి చాలు. వీపు నిటారుగా పెట్టండి. ముక్కుతో నెమ్మదిగా గాలి తీసుకోండి, మూడు లెక్కపెట్టేదాకా లోపల ఆపండి, వదిలేయండి. అలా మూడుసార్లు. తర్వాత కాస్త మామూలు ఊపిరి. ఇప్పుడు మధ్యస్థంగా గాలి తీసుకుని, నోరు గుండ్రంగా తెరిచి, గొంతు బిగించకుండా, పొట్ట లోపలికి లాగుతూ, అద్దం మీదకు ఊదండి. ఎవరికైనా కఫం కదిలినట్టు అనిపిస్తే మింగకండి. బల్ల మీద మూత ఉన్న కప్పులు పెట్టాం, తీసుకోండి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. రండి, మొదటి ఊపిరి.